ఇల్లు వెంటేసుకుని చుట్టపుచూపుకి

అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళకి కుక్కలతో వెళ్ళడమంత కష్టమైన పని ఇంకోటి లేదు. పిల్లలతో వెళ్ళండి, అత్తమామలతో వెళ్ళండి, ఆఖరికి ఉద్యోగం పోయి వెళ్ళండి, ఎలాగోలా సర్దుకుంటారు. "మా కుక్కలు కూడా వస్తాయి" అనండి, ఫోన్లో అవతల ఒక చిన్న నిశ్శబ్దం. ఆ తర్వాత "అయ్యో దాందేముంది, గరాజ్ ఉందిగా!" అంటారు. వాళ్ళ తప్పు కాదు లెండి. మనం పెరిగిన ఊళ్ళలో కుక్కంటే వీధిలో ఉండేది, మిగిలిన అన్నం తినేది, సెకండ్ షో చూసి సైకిల్ మీద వస్తుంటే పిక్క పట్టుకునేది. దాన్ని సోఫా మీద కూర్చోబెట్టుకునే వాడికి మతి చలించిందనుకోవడం సహజమే. పన్నెండేళ్ళ క్రితం నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మాకు రెండు కుక్కలు. పెద్దది బుజ్జి, పదమూడేళ్ళ నల్ల లాబ్రడార్. చిన్నది మిర్చి, షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం, అదే జాతో దానికే తెలీదు. 2023 ఆగస్టులో బుజ్జి సరిగ్గా తినడం లేదని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే కడుపులో గడ్డ ఉందన్నారు. ఈ వయసులో ఆపరేషన్ మంచిది కాదు, నొప్పి తెలీకుండా మందులిద్దాం, కొన్ని నెలలు అన్నారు. అమ్మాయి అప్పటికే కాలేజీకి వెళ్ళిపోయింది. ఇంట్లో మేమిద్దరం, ఇవి రెండూ.

బుజ్జికి బండెక్కడమంటే ప్రాణం. మందులేసినా వెయ్యకపోయినా తాళాల చప్పుడైతే లేచి నిలబడేది. ఒక రాత్రి మా ఆవిడ అంది, "ఇన్నేళ్ళూ కుక్కల వంక పెట్టి ఎవరింటికీ వెళ్ళలేదు. ఇప్పుడు వాటి వంకతోనే వెళ్దాం." అలా ఒక ఆర్వీ అద్దెకి తీసుకుని, అక్టోబర్లో మూడు వారాలు సెలవు పెట్టి, ఫ్రీమాంట్ నుంచి డల్లాస్ పక్కనున్న ప్లేనో దాకా, దారిలో స్నేహితుల్ని పలకరించుకుంటూ వెళ్ళొద్దామని బయల్దేరాం.

కుక్కని వెంటేసుకుని ఇలా తిరిగినవాళ్ళలో అందరికీ తెలిసినవాడు జాన్ స్టెయిన్‌బెక్. 1960లో చార్లీ అనే పూడుల్‌ని ట్రక్కులో ఎక్కించుకుని దేశం చుట్టి, 1962లో దానిమీద పుస్తకం వేశాడు. ఆ ట్రక్కుకి డాన్ కిహోటే గుర్రం పేరు, రోసినాంటే అని పెట్టుకున్నాడు. మా 25 అడుగుల బండికి మా ఆవిడ "ఎద్దుబండి" అని పెట్టింది. ఘాటెక్కేటప్పుడు దాని నడక చూస్తే మీరూ అదే పెట్టేవారు. గ్యాలనుకి 9 మైళ్ళు, అదీ గాలి అనుకూలంగా ఉంటే.

ఆర్వీ తోలడానికి కాలిఫోర్నియాలో 40 అడుగుల వరకూ మామూలు లైసెన్సే చాలు. ఈ ఒక్క విషయం తల్చుకుంటే రోడ్డుమీద ఎదురొచ్చే ప్రతి ఆర్వీ అంటే భయం వేస్తుంది. మొదటి మలుపులోనే ఫ్రిజ్ తలుపు తెరుచుకుని పెరుగు గిన్నె నేలపాలు. తుడవాల్సిన అవసరం రాలేదు, మిర్చి ఆ పని చూసుకుంది. అప్పట్నుంచి బయల్దేరే ముందు విమానం పైలట్‌లాగా చెక్‌లిస్టు: ఫ్రిజ్ గొళ్ళెం, ఆవకాయ సీసా, కిటికీలు, బుజ్జి ఎక్కే ర్యాంపు లోపల పెట్టామా లేదా. మురుగు ట్యాంకులు రెండుంటాయి. టాయిలెట్‌ది నల్ల ట్యాంకు, సింకు నీళ్ళది బూడిద ట్యాంకు. ముందు నల్లది ఖాళీ చేసి, తర్వాత బూడిదది వదలాలి, ఆ సబ్బునీళ్ళకి గొట్టం కడుక్కుపోతుంది. ఆర్డర్ తప్పితే ఏమవుతుందో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రోల్‌బ్యాక్ ఉండదు.

మొదటి మజిలీ అర్వైన్. పెద్ద ఇల్లు, మంచి భోజనం, మంచి మనుషులు. కానీ బండి వీధిలో పెట్టిన రెండు గంటలకే పక్కింటాయన తలుపు తట్టాడు, ఈ కాలనీలో ఆర్వీలు నిలపకూడదట. పప్పులో కలుపుకున్న అన్నం చేతిలో ఉండగానే మావాడు నోటీసు వస్తుందేమోనని కంగారు పడ్డాడు. తిని బయల్దేరిపోయాం.

రెండోది ఫీనిక్స్ పక్కన ఛాండ్లర్. అక్టోబర్ కదా అనుకున్నాం గానీ అక్కడ ఎండకి ఆ సంగతి తెలీదు. గరాజ్ నుంచి తీగ లాగి బండికి కరెంటిచ్చాం. పైనున్న ఏసీ వెయ్యగానే బ్రేకర్ కొట్టేసింది, దాంతోపాటు మావాడి గరాజ్‌లో ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. మామూలు 15 ఆంపుల ప్లగ్గు ఆ ఏసీని మొయ్యలేదు. మేం లోపల టీ తాగుతుంటే నా ఫోన్ మోగింది. కుక్కలతో వెళ్ళేవాళ్ళు బండిలో ఒక చిన్న డబ్బా పెట్టుకుంటారు, లోపల వేడి పెరిగితే సొంత సిమ్ కార్డుతో మెసేజ్ పంపుతుంది. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కాబట్టి వైఫై మీద పనిచేసేవి కొనకండి. నేనైతే పరిగెత్తాను. అప్పటికే లోపల 88 డిగ్రీలు, బుజ్జి నాలుక వేలాడేసి రొప్పుతోంది.

ఇహ మొహమాటం లేదు, రెండిటినీ ఇంట్లోకి తెచ్చేశాను. హాల్లో మావాడి అమ్మగారు, తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లయింది, విష్ణు సహస్రనామం చదువుకుంటున్నారు. మావాడి మొహం పాలిపోయింది. ఆవిడ కళ్ళజోడు తీసి బుజ్జిని చూసి, "ముసల్దా నాయనా? కాస్త మంచినీళ్ళు పెట్టండి" అన్నారు. తర్వాత ఆవిడే, "ధర్మరాజు కుక్క లేకుండా స్వర్గానికి రానన్నాడుగా, మనదేముంది" అన్నారు. నాకప్పుడే తట్టింది, ఇంద్రుడి దగ్గర కూడా నో పెట్స్ పాలసీ ఉండేదన్నమాట! సాయంత్రం బండి చూపిస్తే రైలుపెట్టెలా ఉందని మురిసిపోయారు. కానీ పొయ్యికి మూడడుగుల దూరంలో దొడ్డి ఉండటం మాత్రం ఆవిడ క్షమించలేదు.

అక్కణ్ణుంచి న్యూ మెక్సికో. నేషనల్ పార్కుల్లో కుక్కల్ని చాలాచోట్ల కాలిబాటల మీదికి రానివ్వరు, కార్లు వెళ్ళేంత మేరే వాటి హద్దు. వైట్ శాండ్స్ అలా కాదు, ఆరడుగుల తాడుంటే చాలు, ఇసుకలోకి తీసుకెళ్ళొచ్చు. 2019 డిసెంబర్లో దానికి నేషనల్ పార్కు హోదా వచ్చింది. అది మామూలు ఇసుక కాదు, జిప్సం. ఎండలో కూడా కాలదు. కీళ్ళనొప్పులతో ర్యాంపు ఎక్కడానికే ఆయాసపడే బుజ్జి, ఆ చల్లటి ఇసుకలో ముక్కుతో తవ్వి, దొర్లి, పదినిమిషాలు కుక్కపిల్ల అయిపోయింది. మా ఆవిడ ఫొటోలు తియ్యడం మానేసి కూర్చుని చూసింది. నేనూ అంతే.

ఇప్పుడు ప్లేనో సంగతి. నిజానికి ఇదంతా చెప్పడం మొదలెట్టింది దీనికోసమే.

ప్లేనోలో ఉన్నవాడు నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్. 2001లో డాట్‌కామ్‌లు కూలినప్పుడు నన్ను కన్సల్టెన్సీ వాడు బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఆపేశాడు. ఇప్పుడు హెచ్1బి మీద ఉద్యోగం పోతే 60 రోజుల గడువంటూ ఉంది, అది 2017లో వచ్చింది. అప్పుడదీ లేదు. నాలుగు నెలలు శాన్ హోసేలో వాడి సింగిల్ బెడ్రూమ్ ఇంట్లో సోఫా మీద పడుకున్నాను. పైసా తీసుకోలేదు. ఇంటర్వ్యూలకి వాడి కారు, వాడి టై.

2009లో వాడి ఉద్యోగం పోయింది. అప్పుడు మా గ్రూపులో రెండు ఖాళీలున్నాయి. ఫోన్ చేస్తే "రెజ్యూమె పంపరా, చూద్దాం" అన్నాను. పంపాడు. మేనేజర్ చేతికివ్వకుండా ఊరికే హెచ్ఆర్ వాళ్ళకి పంపి ఊరుకున్నాను. ఎందుకంటే, లేఆఫులు నడుస్తున్న రోజులు, మనం సిఫారసు చేసినవాడు తేడా వస్తే మన మీదకొస్తుందని భయం. అంతకంటే పెద్ద కారణమేం లేదు. ఏడు నెలల తర్వాత వాడికి డల్లాస్‌లో ఉద్యోగం దొరికింది, వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి పద్నాలుగేళ్ళు మా స్నేహం ఏడాదికో "హ్యాపీ బర్త్‌డే రా".

వీధిలో బండి పెట్టి దిగాను. వాడు, వాళ్ళావిడ గుమ్మంలో ఉన్నారు. ఆవిడకి కుక్కలంటే చచ్చేంత భయం, చిన్నప్పుడు కరిచిందట. "మీకేం ఇబ్బంది ఉండదమ్మా, అన్నీ బండిలోనే ఉన్నాయి. పడక, స్నానం, అన్నీ" అని గర్వంగా చెప్పాను. వాడేం అనలేదు. భోజనాలయ్యాక రాత్రి పదకొండింటికి వాడే బండిలోకి వచ్చి, ఆ బుల్లి బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. బుజ్జి వెళ్ళి వాడి పాదం మీద తల పెట్టుకుంది.

"ఒరేయ్, 2009లో నీ రెజ్యూమె నేను మేనేజర్‌కి ఇవ్వలేదు" అన్నాను. ఈ ముక్క దారిపొడుగునా రిహార్సల్ వేసుకున్నాను, వెనకాల ఒక వివరణ కూడా ఉంది.

"తెలుసురా. మీ మేనేజర్ తర్వాత మా కంపెనీకొచ్చాడు. మాటల్లో తెలిసింది."

వివరణ గొంతులోనే ఉండిపోయింది.

"అదేం పెద్ద విషయం కాదు. ఇస్తే మాత్రం వచ్చేదని గ్యారంటీ ఏంటి? ఆ ఏడు నెలల్లో నువ్వొక్కసారి మా ఇంటికి రాలేదు. అదిరా. ఇరవై మైళ్ళు. ఇప్పుడు పద్ధెనిమిది వందల మైళ్ళు వచ్చావు, సంతోషం. కానీ ఎలా వచ్చావు? ఇల్లు వెంటేసుకుని వచ్చావు. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా అక్కర్లేకుండా."

నాకు మాట రాలేదు. ఆ బండి గురించి నేను నలుగురికీ చెప్పుకుంటున్న గొప్ప అదే కదా, ఎవరికీ ఇబ్బంది ఉండదని!

కాసేపటికి అడిగాను, "సోఫా ఉందా?" అని.

"పద" అన్నాడు.

మా ఆవిడ మిర్చితో బండిలోనే ఉంది. నేను దిండు పట్టుకుని వెళ్తుంటే బుజ్జి ర్యాంపు దిగి నా వెనకే వచ్చి గుమ్మం బయట ఆగిపోయింది. లోపలికి రాదు, వెనక్కి వెళ్ళదు. వాళ్ళావిడ మెట్ల మీద నిలబడి చూసి, "అన్నయ్యా, ముసలిది కదా, దాన్నీ తీసుకురండి" అని, దూరం నుంచే ఒక పాత దుప్పటి విసిరింది. ఆ రాత్రి నాకు నడుం పట్టేసింది. పొద్దున్నే లేచేసరికి దుప్పటి పక్కన చిన్న గిన్నెలో పెరుగన్నం ఉంది.

తిరుగు ప్రయాణం ఐ-40 మీద. పెట్రిఫైడ్ ఫారెస్టులో కుక్కల్ని కాలిబాటల మీద కూడా రానిస్తారు. 20 కోట్ల ఏళ్ళకి పైబడి రాయైపోయిన చెట్టుమొద్దుల మధ్య బుజ్జి చాలా నెమ్మదిగా నడిచింది. మేమూ తొందర పెట్టలేదు.

అప్పట్నుంచి నాకొకటే ఆలోచన. మనం ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఎయిర్‌పోర్టుకి ఎవరో ఒకరు రావాలి, ఆరుగురికి ఒక కారు, ఎవడి దగ్గరో ప్రెషర్ కుక్కర్. అవసరం కొద్దీ ఒకరి మీద ఒకరం పడేవాళ్ళం. ఇప్పుడు అందరికీ అన్నీ ఉన్నాయి. ఊరెళ్తే హోటల్, దిగితే ఊబర్. "ఎందుకులే, వాళ్ళకి ఇబ్బంది" అంటాం. మర్యాదే, కాదనను. కానీ అవతలివాడికి మనమేమీ బాకీ పడకుండా చూసుకోవడం మర్యాదలాగే కనిపిస్తుంది గానీ, నా విషయంలో మాత్రం అది పాత బాకీ ఎగ్గొట్టే పద్ధతి. నాలుగు నెలల సోఫా గుర్తొచ్చినప్పుడల్లా వాణ్ణి తప్పించుకు తిరిగాను, అంతే.

ఆర్వీ వద్దంటున్నానా? లేదు. కుక్కలుంటే అంతకంటే సుఖం లేదు. కాకపోతే ఎవరింటి ముందైనా ఆపినప్పుడు, వాళ్ళని ఏదో ఒకటి అడగండి. కాస్త ఉప్పో, ఓ తువ్వాలో.

బుజ్జి 2024 జనవరిలో పోయింది. నొప్పి పడలేదు. వాడికి ఫోన్ చేస్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. మార్చిలో వాడే చేశాడు, "శాంటా క్లారాలో ఆఫీసు పని, మూడ్రోజులు. కంపెనీ హోటల్ ఇస్తోంది. మీ ఇంట్లో సోఫా ఉందా?"

"గెస్ట్ రూమే ఉందిరా, క్వీన్ బెడ్డు" అన్నాను.

"గెస్ట్ రూమ్ నాకెందుకురా!" అన్నాడు.

మూడు రాత్రులూ సోఫా మీదే పడుకున్నాడు. మిర్చి వాడి సూట్‌కేసు మీద.