సాయంత్రం ఆరైతే నెట్ పోయేది

"మీ లైన్ బాగానే ఉంది సార్. ఏదో లైనక్స్ అంటున్నారుగా, విండోస్ వేయించుకోండి, సెట్ అయిపోద్ది."

మూడోసారి వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు బ్యాగ్ సర్దుకుంటూ అన్న మాట ఇది. టైమ్ ఉదయం పదకొండు. స్పీడ్ టెస్ట్ 94 చూపిస్తోంది, మాది వంద ప్లాన్. ఇంక నేనేం వాదిస్తా? "సాయంత్రం రా తమ్ముడూ, అప్పుడు చూపిస్తా" అన్నా. ఐదు దాటితే ఫీల్డ్‌కి రారట.

అసలు సంగతి ముందు చెప్పాలి. జూన్‌లో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. నాన్న ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే మేనేజర్ని బతిమాలి మూడు నెలలు ఇంటి నుంచి పని చేసుకుంటానని చెప్పి హైదరాబాద్ నుంచి తెనాలి వచ్చేశా. ఆయన ఒకటే షరతు పెట్టాడు. సాయంత్రం ఆరున్నర కాల్ తప్పకూడదు. అమెరికాలో క్లయింట్‌కి అది పొద్దున తొమ్మిది.

సరిగ్గా ఆ కాల్‌లోనే నెట్ చచ్చేది. నేను నోరు తెరిచి బొమ్మలా ఆగిపోయేవాణ్ణి. ఫోన్ హాట్‌స్పాట్ పెడదామంటే మా వెనక గదిలో సిగ్నల్ ఒక్క గీత. రెండు వారాలు ఓపిక పట్టి మేనేజర్ ఒక గురువారం విడిగా మెసేజ్ పెట్టాడు. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే ఆఫీసుకి వచ్చేయమని. అప్పటికి అమ్మ వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్ళాలన్నా పక్కన మనిషి ఉండాలి.

నెట్‌వర్క్స్ సబ్జెక్ట్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఏడు లేయర్లూ నిద్రలో లేపి అడిగినా చెప్తా. కానీ ఇంట్లో నెట్ పోతే రౌటర్ ఆపి ఆన్ చేయడం తప్ప ఎప్పుడూ ఏమీ చేయలేదు. ఆ రాత్రి మాత్రం పట్టుదలగా కూర్చున్నా.

రెండు టెర్మినల్స్ తెరిచా. ఒకదాంట్లో మా రౌటర్‌కి, అంటే 192.168.1.1కి పింగ్. రెండో దాంట్లో బయటి ప్రపంచానికి, 8.8.8.8కి. మీ ఇంట్లో నెట్ సతాయిస్తుంటే ముందు ఇదే చేయండి. లైనక్సే అక్కర్లేదు, విండోస్‌లో కూడా పింగ్ ఉంటుంది. రౌటర్ దాకా బాగుండి అవతల పోతుంటే తప్పు లైన్‌ది. రౌటర్ దాకా వెళ్ళడానికే ఆపసోపాలు పడుతుంటే తప్పు మన ఇంట్లోదే. ఇది తేల్చకుండా కస్టమర్ కేర్‌కి ఎన్ని ఫోన్లు చేసినా వృథా.

నాకు వచ్చిన జవాబు ఏంటంటే, రెండూ తప్పే.

నాలుగడుగుల దూరంలో ఉన్న రౌటర్ నుంచి జవాబు రావడానికి రెండు, మూడు మిల్లీసెకన్లు చాలు. నాకేమో మూడు, నూట పది, నాలుగు, తొంభై ఐదు... ఇలా ఎగిరి పడుతోంది. వెతికితే వైఫై పవర్ సేవ్ ఆన్‌లో ఉంది. బ్యాటరీ మిగల్చడానికి వైఫై చిప్ మధ్యమధ్యలో కునుకు తీస్తుంది. తనకి ప్యాకెట్ ఉందా అని రౌటర్ సెకనుకి దాదాపు పదిసార్లు పంపే బీకన్ వచ్చినప్పుడు లేచి చూసుకుంటుంది. ఈలోపు వచ్చినవి ఆగాల్సిందే. వీడియో చూసేవాళ్ళకి ఇది తెలియదు, కాల్ మాట్లాడేవాళ్ళకి మాత్రం నరకం. నా ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ ఫైల్ తెరిస్తే వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంది. దాన్ని 2 చేసి, సర్వీస్ రీస్టార్ట్ చేశా. పింగ్ మూడు దగ్గర బుద్ధిగా కూర్చుంది.

అంటే ఆ కుర్రాడు సగం కరెక్టే. ఒప్పుకోవడానికి కాస్త కష్టంగానే ఉంది.

మిగతా సగం అలాగే ఉంది. మర్నాడు సాయంత్రం మళ్ళీ కాల్ పోయింది. ఈసారి రౌటర్ పింగ్ నిక్షేపంగా ఉంది, బయటి పింగ్ పడిపోయింది. నాన్న ఫోన్‌లో న్యూస్ కూడా ఆగిపోయింది కాబట్టి లైనక్స్‌కి సంబంధం లేదు. సాయంత్రం ఊరంతా సినిమాలు చూస్తారు, లోడ్ ఎక్కువ అనుకున్నా. కానీ లోడ్ అయితే మెల్లగా నెమ్మదించి, అర్ధరాత్రి జనం పడుకున్నాక బాగుపడాలి. ఇదేమో ఉన్నట్టుండి తెగుతుంది, వస్తుంది, మళ్ళీ తెగుతుంది. తెల్లారే దాకా అంతే.

సెకనుకో పింగ్ పంపి టైమ్‌తో సహా ఫైల్‌లో రాసుకునేలా చిన్న స్క్రిప్ట్ వదిలేశా. సోమవారం చూస్తే శుక్రవారం 6:08కి మొదలు, శనివారం 6:12కి. రెండు రోజులూ పొద్దున ఆరు తర్వాత మామూలే. ఆదివారం రాత్రంతా ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు.

ఆదివారం ఏం జరిగింది? నాన్న పొన్నూరులో పెళ్ళికి వెళ్ళాడు. రాత్రి అక్కడే ఉండిపోయాడు.

నవ్వొచ్చింది. నాన్నకీ నెట్‌కీ ఏంటి లింకు? అప్పుడే వెనక గదిలోంచి టక్కుమని శబ్దం. దోమలొచ్చే వేళని నాన్న కిటికీ రెక్క లాగి గడియ పెట్టాడు. నా స్క్రీన్ మీద పింగ్ ఆగిపోయింది.

ఫైబర్ కేబుల్ లోపలికి వచ్చేది ఆ కిటికీలోంచే. గోడకి కన్నం పెడతామంటే అప్పుడే రంగులేయించానని నాన్న ఒప్పుకోలేదట. రెక్క మూస్తే కేబుల్ చట్రానికీ చెక్కకీ మధ్య నలిగి వంకర తిరుగుతోంది. రాగి తీగ వంగినా కరెంటు వెళ్తుంది. ఫైబర్‌లో వెళ్ళేది కాంతి కదా, మరీ ఎక్కువ వంచితే పక్కకి కారిపోతుంది. రౌటర్ పేజీలో ఆప్టికల్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. కిటికీ తీస్తే మైనస్ 21, మూస్తే మైనస్ 29. మామూలుగా మైనస్ 27 దాటితే పరికరానికి సరిగ్గా కనపడదు. ఎనిమిది తేడానే కదా అనుకోకండి. ప్రతి మూడుకీ కాంతి సగం అవుతుంది.

టెక్నీషియన్ వచ్చేది ఉదయం పదకొండుకి. అప్పుడు కిటికీ బార్లా తెరిచి ఉంటుంది. పాపం, అతనికి ఏం కనపడుతుంది?

నాన్నకి చెప్తే మొహం చిన్నబోయింది. "అయితే నీ ఉద్యోగం నేనే పోగొట్టేవాణ్ణి కదరా" అన్నాడు. అదేం లేదన్నా వినలేదు. ఆ రాత్రి కిటికీ తీసే ఉంచి, దానికి పాత దోమతెర మేకులు కొట్టి బిగించాడు. మర్నాడు డ్రిల్లింగ్ మిషన్ ఉన్న ఎలక్ట్రీషియన్ని తనే పిలుచుకొచ్చాడు. కొత్త రంగు గోడకి కన్నం పడుతుంటే అవతలికి తిరిగి నిలబడ్డాడు. నలిగిన ముక్క మార్చడానికి అదే టెక్నీషియన్ వచ్చాడు. లైనక్స్ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మంగళవారం కాల్ నలభై నిమిషాలు నడిచింది. మేనేజర్ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు కావాల్సింది.

ఇప్పుడు నాన్న రోజూ సాయంత్రం అమ్మ బీపీ చూసి పుస్తకంలో రాసుకున్నాక, నా గది గుమ్మం దగ్గరకొచ్చి ఆగుతాడు.

"ఎంతుందిరా?"

"మైనస్ 20 నాన్నా."

అదీ రాసుకుంటాడు.