నా సైన్యంలో అందరూ ఎక్స్‌ట్రాలే!

యుద్ధం సినిమా అనగానే మనకు గుర్తొచ్చేది హీరో! గుర్రం మీద ఆయన, చేతిలో కత్తి, వెనక లేచే దుమ్ము. ఆ దుమ్ములో పరుగెత్తే వందలమంది ముఖాలు ఎవరికి గుర్తుంటాయి చెప్పండి? 1970లో వచ్చిన ‘వాటర్‌లూ’ చిత్రం కోసం దర్శకుడు సెర్గీ బొందార్చుక్ సుమారు 15,000 మంది సోవియట్ సైనికులను కెమెరా ముందు నడిపించాడు. చూసినవాళ్లు నెపోలియన్‌గా వేసిన రాడ్ స్టైగర్ గురించి మాట్లాడుకుంటారు. వెల్లింగ్టన్‌గా వేసిన క్రిస్టఫర్ ప్లమ్మర్ గురించి మాట్లాడుకుంటారు. ఆ 15,000 మంది ఊసు ఎవరూ ఎత్తరు.

నాకు మాత్రం ఆ వెనక వరసల మీదే మోజు. ఎందుకంటే నా బల్ల మీద కూడా ఒక సైన్యం ఉంది. ఒక్కొక్క సిపాయి ఎత్తు 28 మిల్లీమీటర్లు. అంటే మన బొటనవేలి పై కణుపంత!

ఇది ఇంగ్లండులో పెద్ద వ్యసనం. చరిత్రలో జరిగిన యుద్ధాలను బల్ల మీద బొమ్మలతో, పాచికలతో, కొలతబద్దతో మళ్లీ ఆడతారు. దీన్ని పిల్లల ఆట అని తీసిపారేయకండి. ‘ఇన్విజిబుల్ మాన్’ రాసిన హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అని ఈ ఆటకు నియమాలతో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. బొమ్మలతో ఆడి చూస్తే అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలుస్తుందని ఆయన వాదన. ఎవరు విన్నారు? మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది.

మన సినిమావాళ్లకు బాగా తెలిసిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు. 1958 ‘డ్రాకులా’లో వాన్ హెల్సింగ్‌గా, 1977 ‘స్టార్ వార్స్’లో టార్కిన్‌గా గడగడలాడించిన పీటర్ కుషింగ్. షూటింగ్ లేకపోతే ఆయన చేతిలో కుంచె, ఎదురుగా బొమ్మ సైనికులు! 1956లో తీసిన ఒక న్యూస్‌రీల్లో ఆయన నేలమీద పడుకుని వెల్స్ నియమాలతో యుద్ధం ఆడుతూ కనిపిస్తాడు.

నాటింగ్‌హామ్‌లో ఉండే మా మేనల్లుడు పుణ్యమా అని నాకీ జబ్బు అంటుకుంది. ఆ ఊరు ఈ బొమ్మల తయారీకి పెట్టింది పేరు. వాడు పంపిన పెట్టెలో 24 మంది మద్రాసు సిపాయిలు, గుర్రం మీద ఒక ఇంగ్లీషు దొర ఉన్నారు. లోహపు బొమ్మలు. రంగు లేదు, ముఖం లేదు.

రంగు వేయడమంటే అచ్చం మేకప్పే! ముందు అచ్చు గీతలను చాకుతో గీకాలి, ప్రైమర్ కొట్టాలి. తర్వాత మనిషి బట్టలు తొడుక్కునే వరసలోనే రంగులు వేయాలి. మొదట చర్మం, దానిమీద ఎర్రకోటు, ఆ పైన తెల్ల పటకాలు. పల్చటి గోధుమరంగు నీళ్లు పోస్తే అవి మడతల్లోకి జారి నీడలవుతాయి. ముక్కు మీద, చెక్కిళ్ల మీద లేత రంగు చుక్కలు పెడితే వెలుగవుతాయి. ఇంత చిన్న బొమ్మ మీద అసలు వెలుతురు వేసే నీడ కంటికి ఆనదు. అందుకే నీడను మనమే రాయాలి. నాటకాల వాళ్లు చివరి బెంచీ ప్రేక్షకుడి కోసం కనుబొమలు దట్టంగా దిద్దుకుంటారే, అదే సూత్రం.

ఇంతకీ ఈ సిపాయిలెవరు? ‘వాటర్‌లూ’లో చూసిన ఆ వెల్లింగ్టనే, ఆర్థర్ వెల్లెస్లీగా ఉన్న రోజుల్లో, 1803 సెప్టెంబరు 23న అస్సాయే దగ్గర మరాఠాలతో తలపడ్డాడు. ఆ ఊరు ఇప్పుడు మహారాష్ట్రలో జాల్నా జిల్లాలో ఉంది. ఆయన కాల్బలంలో ఎక్కువమంది మద్రాసు సిపాయిలు. అంటే అరవ దేశం నుంచీ, మన తెలుగు సీమ నుంచీ పొట్ట చేతబట్టుకుని వెళ్లినవాళ్లు. ఉత్తరాదిన సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారంటే అది మనవాళ్ల వల్ల వచ్చిన పేరే. నేను చదివిన పుస్తకాల్లో దొరల పేర్లు, వాళ్ల గుర్రాల గాయాలు కూడా ఉన్నాయి. వీళ్ల పేర్లు లేవు.

తొమ్మిదో సిపాయి దగ్గర నా కుంచె ఆగిపోయింది. వీడి నుదుట బొట్టు పెట్టాలా, వద్దా?

నవ్వకండి. ఆ బొట్టు వెనక పెద్ద కథే ఉంది. అస్సాయే యుద్ధం జరిగిన రెండు మూడేళ్లకు మద్రాసు సైన్యంలో కొత్త నిబంధనలు వచ్చాయి. యూనిఫారంలో ఉండగా నుదుట కులచిహ్నాలు కూడదు, గడ్డం కూడదు, తోలు తురాయి ఉన్న కొత్తరకం తలపాగా పెట్టుకోవాలి! 1806 జులై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. తిరుగుబాటు ఒక్క రోజులోనే అణిగింది గానీ ఎన్నో ప్రాణాలు పోయాయి. కోటలో టిప్పు సుల్తాను కొడుకులు బందీలుగా ఉండటం లాంటి కారణాలు కూడా చెబుతారు. కానీ నిప్పు అంటుకున్నది నుదుటి దగ్గర, తలపాగా దగ్గర.

నా సిపాయి 1803 నాటివాడు. ఆ నిబంధన ఇంకా రాలేదు. భూతద్దం పెట్టుకుని, జీరో నంబరు కుంచె కొసతో సన్నటి తెల్లనామం దిద్దాను. పక్కవాడికి విభూతి రేఖ పెట్టాను. ఆ పక్కవాడు ముసల్మాను, గడ్డం పెంచాను. అంతే, అప్పటిదాకా ఒకే అచ్చులో పోసినట్టున్నవాళ్లు ముగ్గురు మనుషులైపోయారు!

ఆ తర్వాత ఫోటో. పైనుంచి తీస్తే బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. లెన్సు వాడి కంటి ఎత్తుకు దిగాలి. సెల్‌ఫోన్‌ను తలకిందులుగా పెట్టండి, లెన్సు బల్లకు ఆనుకుంటుంది. ఒకపక్క దీపానికి ట్రేసింగ్ పేపరు అడ్డం పెట్టి, రెండోపక్క షూటింగుల్లో వాడే థర్మోకోల్ అట్ట నిలబెడితే చాలు. వెనక నీలం అట్టే ఆకాశం, దూదే తుపాకీ పొగ! దగ్గరగా తీస్తే ముందువాడు స్పష్టంగా వచ్చి వెనకవాడు మసకేస్తాడు. వెనకవాడూ కావాలంటే ఫోకస్ మార్చుకుంటూ ఏడెనిమిది ఫోటోలు తీసి ఒకటిగా కలపాలి. నేను కలుపుతాను, వెనకవాడిని వదలబుద్ధి కాదు! ‘మాయాబజార్’ (1957)లో బొమ్మ ఇళ్లతో కట్టిన ద్వారకను మార్కస్ బార్ట్లీ నిజం నగరంలా చూపించాడంటే అందులో సగం మహిమ వెలుతురుదే కదా.

మొన్న ఫోటోలు పంపితే మేనల్లుడు ఫోన్ చేశాడు.

“మామయ్యా, అదిరిపోయాయి! 24 మందీ ఉన్నారు గానీ, మరి వెల్లెస్లీ ఏడీ?”

“పెట్టెలోనే ఉన్నాడురా. ఆయనకింకా ప్రైమర్ కూడా కొట్టలేదు” అన్నాను.