సీటు హీటరూ, ఒక అబద్ధాల రెసిస్టరూ

మామూలుగా అమ్మానాన్నలు అమెరికా వచ్చేది ఎండాకాలంలో. మాకు పాప జనవరిలో పుట్టడంతో మావాళ్ళు ఒంగోలు నుంచి తిన్నగా మిన్నియాపోలిస్ చలిలోకి వచ్చి పడ్డారు. బయట మైనస్ 20. కారెక్కగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "ఒరేయ్, సీట్లు వేడెక్కుతాయన్నావ్, నాదేంట్రా ఐసుగడ్డలా ఉంది?"

నిజమే. మాది తొమ్మిదేళ్ళ పాత సెకండ్ హ్యాండ్ కారు. పక్క సీటు హీటరు బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, ఐదు సెకన్లకి ఆరిపోతుంది. షాపులో చూపిస్తే లోపలి మెత్త మొత్తం మార్చాలి, 640 డాలర్లవుతుంది అన్నారు. పాప ఆసుపత్రి బిల్లులు చూసి ఉన్న కళ్ళకి ఆ అంకె అస్సలు నచ్చలేదు. మనం రోజూ చేసేది డీబగ్గింగే కదా, ఇదెంత అనుకున్నా.

అసలు విషయానికొస్తే, ఇదేం బ్రహ్మవిద్య కాదు. మెత్తలో ఒక సన్నటి హీటింగ్ తీగ, దాని పక్కనే థర్మిస్టరు. అంటే వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గిపోయే బుల్లి ముక్క. కంట్రోల్ మాడ్యూల్ దాన్ని చూసి, చాలినంత వేడెక్కగానే కరెంటు ఆపుతుంది.

ముందు ఫ్యూజు చూశా, బానే ఉంది. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ తాలూకు పసుపు కనెక్టర్ కూడా ఉంటుంది కాబట్టి బ్యాటరీ నెగెటివ్ తీసేసి, పది నిమిషాలాగి, దాని జోలికి పోకుండా హీటరు కనెక్టర్ ఊడదీశా. మల్టీమీటర్ పెడితే తీగ 4 ఓమ్స్ చూపించింది. 12 వోల్టులకి లెక్కేస్తే 36 వాట్లు, సబబే. అంటే తీగ తెగలేదు. థర్మిస్టరు పిన్నుల మధ్య మాత్రం ఓపెన్ సర్క్యూట్! సెన్సర్ కనపడక మాడ్యూల్ అన్నీ ఆపేసుకుంటోందన్నమాట.

మా కొలీగ్‌కి చెప్తే నవ్వాడు. "దానికెందుకంత కష్టం? ఆ రెండు వైర్ల మధ్య ఓ రెసిస్టర్ పెట్టెయ్, పనైపోతుంది." నిజంగానే అయిపోతుంది. కొనుక్కొచ్చా కూడా. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతుండగా నాన్న గరాజులోకొచ్చారు. ఒక కాలికే చెప్పుంది. రెండోది దార్లో ఎక్కడో జారిపోయింది, ఆయనకి తెలీనే లేదు.

నాన్నకి ఇరవయ్యేళ్ళుగా షుగరు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ రెసిస్టర్ మాడ్యూల్‌కి ఎప్పుడూ ఒకటే అబద్ధం చెప్తుంది, "సీటింకా చల్లగానే ఉంది" అని. కరెంటు ఆగదు. మనకైతే చురుక్కుమంటుంది, బటన్ నొక్కి ఆపుకుంటాం. నాన్నకి? కాళ్ళ తిమ్మిరి తొడల దాకా ఎంత పాకిందో ఎవరం చూశాం? మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు 1947లోనే లెక్కగట్టారు: 44 డిగ్రీల దగ్గర చర్మం కాలడానికి దాదాపు 6 గంటలు పడితే, 60 డిగ్రీల దగ్గర 5 సెకన్లు చాలు. ఐరన్ ప్లగ్ పీకేశా.

మళ్ళీ మొదటికొచ్చి టార్చి పెట్టి చూస్తే, కనెక్టర్ వెనక థర్మిస్టరు వైరు పచ్చగా చిలుము పట్టి పిన్ను దగ్గర పుటుక్కుమంది. ఇక్కడ రోడ్లమీద ఉప్పు చల్లుతారు కదా, బూట్లకంటిన మంచుతో పాటు ఆ ఉప్పునీళ్ళు సీటు కిందకి చేరిపోయాయి. పాడైన ముక్క కత్తిరించి, కొత్త పిన్ను బిగించి, హీట్ ష్రింక్ ట్యూబ్ తొడిగా. మీటర్ 28 వేల ఓమ్స్ చూపించింది. సీటుమీద అరచెయ్యి నొక్కిపెడితే అంకె మెల్లగా దిగడం మొదలెట్టింది. అంత అందమైన అంకెల్ని ఈమధ్య చూళ్ళేదు. మొత్తం ఖర్చు 8 డాలర్లు, ఒక ఆదివారం.

"బానే ఉందిరా, మరీ ఎక్కువైతే చెప్తాలే" అన్నారు నాన్న.

"మీరు చెప్పక్కర్లేదు నాన్నా, అదే ఆగుతుంది" అన్నా. అయినా ఎందుకైనా మంచిదని లోలోనే పెట్టి, పది నిమిషాలకి ఆపేస్తున్నా. ఊరెళ్ళగానే డాక్టరుకి కాళ్ళు చూపించుకుంటానని మాట కూడా తీసుకున్నా.

సోమవారం ఆఫీసుకెళ్ళి, అడ్డమొస్తోందని పోయిన నెల నేనే కామెంట్ చేసి పారేసిన ఒక చెక్‌ని మళ్ళీ తెరిచా. వెంటనే ఫెయిలైంది. కారణం దొరకడానికి రెండ్రోజులు పట్టింది.