అద్దాల ఊళ్లో అద్దం మీద రంగులు

హైదరాబాద్ వెళ్లామంటే మనవాళ్లు చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిర్ చూసుకుని, లాడ్‌బజార్‌లో నాలుగు డజన్ల గాజులు కొనుక్కుని తిరుగు బస్సెక్కేస్తారు. హైటెక్ సిటీ మాటెత్తితే, "అక్కడేముందీ, అన్నీ ఆఫీసులే కదా, మనకేం పని?" అంటారు. ఆఫీసులే, కాదనను. కానీ చేతిపనుల మీద మక్కువ ఉన్న ఆడవాళ్లకి, ముఖ్యంగా గ్లాస్ పెయింటింగ్ చేసేవాళ్లకి, అక్కడ చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. ఎటు చూసినా గాజే మరి! గాజు మీద వేసిన రంగు ఎందుకు ఊడిపోతుందో, ఎలా వేస్తే నిలుస్తుందో నాకు బాగా తెలిసింది అక్కడే.

మాది ఖమ్మం. మా చిన్నాడపడుచు వాళ్లు కొండాపూర్‌లో ఉంటారు. ఇదివరకు వాళ్లింటికి వెళ్లాలంటే రెండు బస్సులు మారి, ట్రాఫిక్‌లో ప్రాణం విసిగిపోయేది. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో రైలు వచ్చాక ఆ బాధ తప్పింది. రైలు పైనుంచి పోతుంది కాబట్టి కిటికీ దగ్గర నిలబడితే చక్కగా కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పాతకాలపు బండరాళ్లు, వాటి పక్కనే ఆకాశాన్ని, మబ్బుల్ని తనలో చూపించే అద్దాల మేడలు.

ఈ మేడలన్నిటికీ పెద్దక్క లాంటిది సైబర్ టవర్స్. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. గుండ్రంగా ఉండే ఆ భవనం బొమ్మ ఆ రోజుల్లో పేపర్లో రానిరోజు లేదు. అయితే దానికన్నా ముందే, 1992లోనే, మాదాపూర్‌లో చేతిపనివాళ్ల కోసం శిల్పారామం వెలిసిందని చాలామందికి గుర్తుండదు. కంప్యూటర్ల కన్నా ముందు ఆ రాళ్లగుట్టల మధ్యకి వచ్చింది కుమ్మరి సారె, నేత మగ్గం అన్నమాట!

శిల్పారామం సుమారు 65 ఎకరాల తోట. మట్టిగోడలు, ముగ్గులు, అరుగులతో పల్లెటూరి ఇళ్లు కట్టి, కులవృత్తుల బొమ్మలు పెట్టిన విలేజ్ మ్యూజియం పిల్లలకి తప్పక చూపించాలి. అక్కడి రాళ్లనే చూపించే రాక్ మ్యూజియం కూడా ఉంది. సంక్రాంతికి వెళితే గంగిరెద్దులు, హరిదాసులు కనిపిస్తారు. ఇక దుకాణాల వరసలోకి వెళితే మగవాళ్లు విసుక్కుంటారుగానీ మనకి మాత్రం పొద్దు తెలియదు.

ఊడిపోయిన రంగులు

మా ఆడపడుచు భర్త నాకు అన్నయ్య వరస. పెద్ద పెద్ద భవనాలకి అద్దాలు బిగించే పనిలో సూపర్‌వైజరు. 2020లో లాక్‌డౌన్ వచ్చి సైట్లన్నీ ఆగిపోయినప్పుడు నెలల తరబడి జీతం లేదు. అద్దె, పిల్లాడి ఫీజు ఆగవు కదా! ఆ అమ్మాయి పెళ్లికి ముందు సరదాగా నేర్చుకున్న గ్లాస్ పెయింటింగ్‌ని బయటికి తీసింది. ఖాళీ సీసాలు, గాజు ప్రమిదలు, చిన్న గ్లాసులు తెచ్చి నెమళ్లు, తామరలు, చుక్కల ముగ్గులు వేసి అపార్ట్‌మెంట్‌లో వాళ్లకి అమ్మడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది దీపావళికి ముందు ఒక ఆఫీసులో స్టాల్ పెట్టుకుంటే అన్నీ అమ్ముడుపోయాయి. ఇంటిల్లిపాదీ సంతోషించాం.

పండగ వెళ్లి నెల తిరగలేదు, ఫోన్లు మొదలయ్యాయి. "తడిగుడ్డతో తుడిస్తే నెమలి తోకంతా గుడ్డకి వచ్చేసిందండీ" అని ఒకావిడ, "పొరలు పొరలుగా లేచిపోతోంది" అని ఇంకొకావిడ. కొందరికి డబ్బు వెనక్కి ఇచ్చింది. "వదినా, ఇక నా దగ్గర ఎవరు కొంటారు?" అని మొహం చిన్నబుచ్చుకుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. అలా అని వాడినవి నాసిరకం రంగులు కావు. మంచి కంపెనీవే.

నేను వెళ్లిన ఆదివారం ఇద్దరం కలిసి శిల్పారామం వెళ్లాం. ఒక స్టాల్‌లో గాజు మీద బొమ్మలు వేసే పెద్దావిడ కూర్చుని ఉంది. సంగతి చెబితే నవ్వి, మామూలు గాజు పలక ఒకటి చేతికిచ్చి, "బాగా శుభ్రంగా ఉందా?" అని అడిగింది. తళతళలాడుతోంది, ఉందన్నాం. అప్పుడు దాని మీద నోటితో 'హా' అని ఆవిరి ఊదింది. అంతే! వేలిముద్రలు, గుడ్డ చారలు అన్నీ బయటపడ్డాయి. "రంగు తప్పు కాదమ్మా. మీరు రంగు వేసింది గాజు మీద కాదు, జిడ్డు మీద" అంది.

ఎంత చక్కగా చెప్పింది! గోడ, చెక్క, గుడ్డ రంగుని పీల్చుకుంటాయి. గాజు చుక్క కూడా పీల్చదు. నున్నటి దాని మీద రంగు ఊరికే అంటుకుని ఉంటుంది. మధ్యలో చేతి నూనె ఉన్నా, వంటింటి పొగ జిడ్డు ఉన్నా, సబ్బు పొర మిగిలినా రంగు దాన్నే పట్టుకుంటుంది. తడి తగలగానే జిడ్డుతో పాటు లేచిపోతుంది.

మేడల అద్దాలు చెప్పే పాఠం

ఇంటికొచ్చి ఈ మాట చెబితే అన్నయ్య, "మా అద్దాలకీ ఇదే సూత్రం" అన్నారు. సాయంత్రం మమ్మల్ని సైబర్ టవర్స్ వైపు నడిపించుకుంటూ తీసుకెళ్లి, ఇలాంటి మేడలకి సాధారణంగా అద్దాలు ఎలా బిగిస్తారో వివరించారు.

ఎండ వేడి లోపలికి రాకుండా అద్దానికి కంటికి కనిపించనంత పల్చటి లోహపు పూత ఉంటుందట. జంట అద్దాలయితే మామూలుగా ఆ పూతని బయటి వైపు వేయరు. రెండద్దాల మధ్య మూసేసిన ఖాళీలోకి వచ్చేట్టు పెడతారు. వాన తగలదు, దుమ్ము తగలదు, తుడిచేవాడి గుడ్డా తగలదు. ఇక అంతస్తుకీ అంతస్తుకీ మధ్య రంగు పట్టీల్లా కనిపించే అద్దాలుంటాయి చూశారూ, వాటి వెనక కాంక్రీటు, వైర్లు కనబడకుండా రంగు వేస్తారు. ఆ రంగులో గాజుపొడి కలిసి ఉంటుంది. 600 డిగ్రీలు దాటిన కొలిమిలో అద్దాన్ని కాలిస్తే రంగు కరిగి గాజులో ఒకటైపోతుంది. గోటితో గీకినా, చాకుతో గీకినా రాదు.

అంటే గాజుకి రంగు మూడు రకాలుగా ఉంటుందన్నమాట. పైన కూర్చునే రంగు, వెనక దాక్కునే రంగు, కాలి కలిసిపోయే రంగు. మనం ఏది వేస్తున్నామో తెలుసుకుంటే దాని ఆయుష్షు కూడా తెలుస్తుంది.

కాలి కలిసిపోయిన రంగు అందం చూడాలంటే హైదరాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెదక్ చర్చికి వెళ్లండి. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే పాస్టరుగారు కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపించే మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. రంగు గాజు ముక్కల మీద కళ్లు, ముడతలు, నీడలు గీసి కొలిమిలో కాల్చడం ఆ కిటికీల పద్ధతి. దశాబ్దాల ఎండావానా తిన్నా, సూర్యుడి వెలుగు పడగానే ఆ బొమ్మలు మెరుస్తాయి. అందుకే పగలు వెళ్లాలి సుమా!

వెనక దాక్కునే రంగుకి తంజావూరు గాజు బొమ్మలు మంచి ఉదాహరణ. అద్దం వెనక వైపు వేసి, ముందు నుంచి చూస్తారు. కాబట్టి పని తలకిందులుగా సాగాలి. ముందు కంటిపాప, బొట్టు, నగలు. తరువాత ముఖం, చీర. అన్నిటికన్నా చివర వెనక రంగు. ముందు వైపు ఎన్నిసార్లు తుడిచినా బొమ్మకి ఏమీ కాదు. ఇప్పుడు కొత్త ఫ్లాట్లలో వంటగట్టు గోడకి బిగిస్తున్న రంగుటద్దాలూ ఇంతే, రంగు వెనకే ఉంటుంది. మీరు పెట్టించుకుంటే పొయ్యి దగ్గర టఫెన్డ్ గ్లాసే వేయించండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌తో అతికిస్తే రంగు పాడవుతుంది, న్యూట్రల్ రకం వాడమని మేస్త్రీకి చెప్పండి. అంచుల్లోంచి తడి వెనక్కి పోకుండా చూసుకోండి.

ఇంట్లో ఇలా చేసుకోండి

కావలసినవి: గాజు వస్తువు, గ్లాస్ కలర్స్, ఔట్‌లైనర్ ట్యూబు, గిన్నెలు తోమే సబ్బు, సర్జికల్ స్పిరిట్, దూది, మెత్తటి బ్రష్, గుండుసూది, కాగితం మీద గీసిన డిజైను.

1. వస్తువుని సబ్బుతో వేడినీళ్లలో కడిగి, సబ్బు పోయేదాకా జాడించి ఆరబెట్టండి. తర్వాత దూదిని స్పిరిట్‌లో ముంచి తుడవండి. పొయ్యికి, దీపానికి దూరంగా చేయండి, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. ఆవిరి ఊది చూసి, మరకలు కనిపిస్తే మళ్లీ తుడవండి. ఇక ఆ భాగాన్ని వేళ్లతో ముట్టుకోకూడదు.

2. డిజైను కాగితాన్ని గాజు వెనక అతికించి, ఔట్‌లైనర్‌తో గీతలు వేయండి. ముగ్గుపిండి వదిలినట్టే, చెయ్యి ఆగకుండా లాగాలి. ముగ్గులు వచ్చిన మన చేతికి ఇది కష్టం కాదు. గీతల మధ్య సందు ఉంటే రంగు పక్కగడిలోకి పోతుంది. ఒక రాత్రంతా ఆరనివ్వండి.

3. వస్తువుని పడుకోబెట్టి, గీత అంచుదాకా రంగు నింపండి. గీతకి, రంగుకి మధ్య ఖాళీ మిగిలితే అక్కడినుంచే లేస్తుంది. బుడగలు వస్తే గుండుసూదితో పొడవండి. సీసా లాంటివి ఒక వైపు ఆరాకే తిప్పండి.

4. దుమ్ము పడకుండా రెండు రోజులు ఆరబెట్టండి. వానాకాలమైతే ఇంకా ఎక్కువ. పైకి ఆరినట్టు కనబడినా లోపల గట్టిపడడానికి చాలా రోజులు పడుతుంది. కాల్చకుండా వాడే ఎనామెల్ రకాలకి సుమారు 3 వారాలు పడుతుంది. అంతవరకూ నీళ్లు తగలనివ్వకండి.

5. సీసా మీద 'ఓవెన్‌లో పెట్టవచ్చు' అని రాసిన రంగయితేనే కాల్చండి. సాధారణంగా 150, 160 డిగ్రీల దగ్గర అరగంట నుంచి 40 నిమిషాలు. సీసా మీద ఏం రాస్తే అదే పాటించండి. చల్లటి ఓటీజీలో పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. వేడెక్కాక టైము లెక్కపెట్టి, ఆపేశాక అందులోనే చల్లారనివ్వండి. వేడిది బయటికి తీస్తే గాజు పగులుతుంది. థిన్నర్ వాసన వచ్చే రంగుల్ని ఓవెన్‌లో అసలు పెట్టకూడదు.

జాగ్రత్తలు కూడా చెబుతాను. తాగే గ్లాసు అయితే పైఅంచు నుంచి 2 సెంటీమీటర్ల వరకు రంగు వేయకండి. అన్నం, పాలు, పెదవులు తగిలేచోట అలంకారం రంగులు ఉండకూడదు. దీపం పెట్టే గ్లాసుకి బయటివైపే, మంటకి దూరంగా వేయండి. వెడల్పు గ్లాసు తీసుకుంటే వేడి తక్కువ తగులుతుంది. కిటికీకయితే లోపలివైపు వేస్తే వాన తగలదు. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డ చాలు. అమ్మోనియా ఉన్న స్ప్రేలు రంగు మీద కొట్టకండి. పీచుతో తోమడం, నీళ్లలో నానబెట్టడం వద్దు. ఇక గాజుని గరుకుగా చేసే ఎచింగ్ మందుల జోలికి ఇంట్లో పోవద్దు, వాటిలో ఒళ్లు కాల్చే ఆమ్లాలుంటాయి. అలాంటి డిజైన్ కావాలంటే ఇసుక కొట్టి చేసే షాపులో చేయించుకోండి.

అమ్మే ముందు పరీక్ష

మా ఆడపడుచు ఇప్పుడు ప్రతి విడత నుంచీ ఒక వస్తువుని పక్కన పెట్టి, పూర్తిగా గట్టిపడ్డాక పరీక్ష చేస్తుంది. సెల్లో టేపు గట్టిగా అంటించి ఒక్క లాగు లాగుతుంది. గోటితో గీకుతుంది. తడిగుడ్డతో ఇరవైసార్లు తుడుస్తుంది. ఏ ఒక్కదానిలో రంగు వచ్చినా ఆ విడత అమ్మదు. పండగకి రెండు నెలల ముందే పని మొదలుపెడుతుంది, ఆరడానికి టైము కావాలిగా! ప్రతి వస్తువుతో పాటు 'నానబెట్టకండి, తడిగుడ్డతో తుడవండి' అని చేత్తో రాసిన చీటీ కూడా ఇస్తుంది.

ఆ మరుసటి దీపావళికి 40 దీపపు గ్లాసులు చేసింది. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. అంతకుముందు డబ్బు వెనక్కి తీసుకున్నావిడే మళ్లీ వచ్చి ఆరు కొనుక్కుని వెళ్లిందట! అన్నయ్యకి పని మళ్లీ దొరికినా పిల్లాడి ఫీజు మాత్రం ఇప్పటికీ ఈ గాజు డబ్బుల్లోంచే కడుతున్నారు. "ఇది నాది వదినా" అంటుంది ఆ అమ్మాయి.

మీరూ హైదరాబాద్ వెళితే ఒక సాయంత్రం ఇటువైపు కేటాయించండి. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో దిగితే శిల్పారామానికి ఆటోలో కాసేపే. ఎండ తగ్గాక, నాలుగింటికి వెళ్లండి. దుకాణాల్లో రంగులేసిన గాజు కొనేముందు వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. గీతలకి, రంగుకి మధ్య సందులున్నాయా, అంచు గోటికి లేస్తోందా అని గమనించండి. బేరం ఆ తర్వాత! చీకటి పడ్డాక సైబర్ టవర్స్ దాకా వచ్చి ఆ అద్దాల మేడల్లో దీపాలు వెలగడం చూసి, మెట్రోలో వెనక్కి రావచ్చు. చెప్పులు మాత్రం సుఖంగా ఉన్నవి వేసుకోండి, నడక ఎక్కువే.