కాయకోతల వేళ నొక వారము

తీర్థయాత్రలు చేసి వచ్చినవారు క్షేత్రమాహాత్మ్యములు వ్రాయుదురు. మేము పోయిన చోట కొండ లేదు, కోనేరు లేదు, పేరుపడిన గుడియు లేదు. అయినను పర్చూరునకు సమీపమున నొక పల్లెలో, మా బాల్యస్నేహితురాలి యింట, శివరాత్రి వెళ్లిన వారము గడిపివచ్చిన ముచ్చట మీతో చెప్పక నిలువలేకున్నాము.

గుంటూరులో బస్సెక్కి చిలకలూరిపేట మీదుగా పోవుచుండగా దారికిరువైపుల నల్లరేగడి నేల చూపు ఆనినంత దూరము చదునుగా పఱచుకొని యుండెను. పత్తి తీతలు ముగిసినవి. ఎండిన పత్తికట్టె మోపులు ఇండ్లముందు వంటచెఱకుగా పేర్చియున్నవి. తక్కినదంతయు ఎఱుపే. కల్లములలో ఆరబోసిన మిరపకాయ ఘాటు గాలితోపాటు బస్సులోనికి వచ్చెను. మేమందఱము తుమ్మితిమి గాని కండక్టరు మాత్రము తుమ్మలేదు.

ఈ యూరు మా తల్లుల కాలమున గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఏర్పడి, పిదప ప్రకాశము పంతులుగారి పేరు దాల్చిన జిల్లాలోనికి పోయెను. 2022లో బాపట్ల జిల్లాలో చేరెను. "గడప దాటకుండానే మూడు జిల్లాలు కాపురం చేశానమ్మా" అని మా స్నేహితురాలి అత్తగారు నవ్వుచు చెప్పిరి.

మేము పోయినది రెండు పనులకు. పండుమిరపకాయ పచ్చడి పెట్టుట యొకటి. మఱుసటి నెలలో ప్రసవించవలసిన స్నేహితురాలి కూఁతురి బిడ్డకు బొంత కుట్టుట రెండవది.

మన గుంటూరు కారమని గొప్పలు చెప్పుకొందుము గాని, మిరప మన నేల పంట కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో ఈ దేశమునకు వచ్చినది. నన్నయ తిక్కనల కాలమున మన వంటయిండ్లలో కారమనగా మిరియమే. ఈ మాట చెప్పినపుడు అత్తగారు నమ్మలేదు. "మిరపకాయ లేకుండా గోంగూర ఎట్లా తిన్నారో పాపం!" అని నొచ్చుకొనిరి.

పచ్చడి సంగతి సంగ్రహముగా చెప్పెదము. కాయలు కడిగి, తడి లేకుండ ఒక్కొక్కటిగా తుడిచి, నీడను ఆరనిచ్చి, అటు పిమ్మటనే తొడిమలు తీయవలెను. ముందే తీసినచో లోపలికి నీరు దిగి బూజు పట్టును. కిలో కాయకు పావుకిలో క్రొత్త చింతపండు, పావుకిలో ఉప్పు. కాయయు ఉప్పును కచ్చాపచ్చాగా దంచి, జాడీ నడుమ చింతపండు ముద్ద దాఁచి, మూడవనాఁడు తీసి మెత్తగా రుబ్బవలెను. తిరగమోత వాడుకొనునపుడే. మా చేతులు సాయంకాలమునకే నిప్పుకణికలైనవి. ఎన్నిసార్లు నీళ్లతో కడిగినను తగ్గలేదు. మిరప మంట నీటిలో కరుగదు, నూనెలో కరుగును. అత్తగారు నువ్వులనూనె పూసిన తరువాతనే మాకు నిద్ర పట్టినది.

బొంతకు అత్తగారి పాత నూలుచీరలు మూడు తీసిరి. చీర ఎంత ఉదికి ఎంత చివికిన బిడ్డకంత మెత్తదనము. అందు ముదురు ఆకుపచ్చ చీరను కత్తిరించుటకు మా స్నేహితురాలికి చేయి రాలేదు. అది మామగారు చీరాల నుండి తెచ్చిన కడపటి చీరయఁట. అత్తగారే కత్తెర పుచ్చుకొని, "పెట్టెలో ఉంటే పురుగు తింటుంది" అని నిలువునా రెండు చేసిరి. మేమెవ్వరమును కాసేపు మాటలాడలేదు. పిదప పొరలు పఱచి, నలుగురము నాలుగు అంచులనుండి లోపలికి కుట్టుకొనుచు వచ్చితిమి. కుట్టునపుడు చెప్పుకొన్న మాటలిక్కడ వ్రాయము. అవి బొంతలోనే యుండుగాక!

నాలుగవనాఁడు చీరాల పోయితిమి. 1921లో పురపాలక పన్ను కట్టమని ఊరువిడిచి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున రామనగరు పాకలలో ఇంచుమించు పదకొండు నెలలు కాపురమున్న పట్టణమిది. పాకలలో పొయ్యి వెలిగించినవారు, పురుళ్లు పోసినవారు స్త్రీలే గదా యని మాకు తోఁచెను. ఒక నేఁతవారి యింట గుంటమగ్గము చూచితిమి. భర్త నేయుచుండ, భార్య గోడవార కూర్చుండి రాట్నముపై కండెలు చుట్టుచుండెను. మాకు వేడుక పుట్టి ఒక్కొక్కరము చుట్టి చూచితిమి. రెండు కండెలు చిక్కుపడినవి. ఆమె విసుగుకొనక విప్పుకొనెను. నీకు కూలి యెంతమ్మా యని యడిగితిమి. "నాకు వేరే కూలేముంటుందమ్మా? చీరకింతని ఆయనకిస్తారు. కండెలు చుట్టడం ఇంటిపనే కదా" అనెను. ఆమె చుట్టిన కండె లేనిదే నాడె ఆడదు.

వేటపాలెము ప్రక్కనే. అచటి సారస్వత నికేతనము 1918లో స్థాపితమైనది. 1929లో గాంధీమహాత్ముఁడు భవనమునకు శంకుస్థాపన చేసిరి. పాత పత్రికలకు పేరుపడిన ఆ గ్రంథాలయమున మేము గడిపినది గంటయే; అది మా తెలివితక్కువ. బాపట్లలో జన్మించిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు గృహలక్ష్మి పత్రికలో స్నేహితురాలికి జాబులవలె శారదలేఖలు వ్రాసిరి. ఆమె 1931లో బాపట్లలోనే స్త్రీహితైషిణీ మండలి నెలకొల్పిరి. తిరుగుదారిలో మా మాటలన్నియు ఆమె గుఱించియే.

మఱునాఁటి మధ్యాహ్నము తూర్పున మబ్బు కమ్మెను. బొంత మూలలకు వచ్చియున్నది. ఇంతలో పొరుగింటి కౌలురైతు భార్య పరుగున వచ్చి, "పెద్దమ్మా! ఆయన ఊళ్లో లేడు, కల్లంలో కాయంతా పఱిచి ఉంది" అని గుమ్మములో నిలిచెను. సూదులు ఎక్కడివక్కడ గ్రుచ్చి అందఱము పోయితిమి. ఎండిన కాయకు రంగే ధర. ఒక్క జల్లు పడిన రంగు పోవును, బూజు పట్టును, తాలు క్రింద లెక్కగట్టుదురు. కౌలు మాత్రము తగ్గదు. పలుగఱ్ఱలతో కాయను కుప్పకు లాగి పట్టలు కప్పుచుండగనే చినుకులు మొదలైనవి. మూఁడుపాళ్లు కప్పఁగలిగితిమి. నాలుగవ పాలు తడిసెను.

ఆ తడిసిన కాయను మా స్నేహితురాలి యింటి వసారాలో, హాలులో, మా పడకగదిలోను పఱచి, పంకాలు వేసి రెండు దినములు చేతులతో త్రిప్పితిమి. రాత్రి తుమ్ములే తుమ్ములు. తెల్లబాఱినవి ఏఱివేయగా ఒక గోనె నిండెను. తక్కినది గుంటూరు యార్డుకు పంపదగినదే యని పెద్దలు తేల్చిరి.

బయలుదేఱునాఁడు ఆమె చేటెఁడు ఎఱ్ఱని కాయ తెచ్చి మా ముందుంచెను. వలదంటిమి. "ఊరికే చేయించుకుంటామా అమ్మా, రెండు రోజుల పని!" అని ఒడిలో పోసెను. చీరాలలోని రాట్నము మాకు జ్ఞాపకము వచ్చెను. కాయ తీసికొంటిమి.

బొంత అంచు ఇంకను మూరెఁడు మిగిలినది. అత్తగారు సూదిని అక్కడనే గ్రుచ్చి మడిచిపెట్టి, ఆ మూరెఁడు తాము కుట్టెదమనియు, పచ్చడి జాడీ బస్సులో ఒరుగకుండ ఒడిలోనే పెట్టుకొనవలసినదనియు రెండుసార్లు చెప్పిరి.