వాసన వస్తోందని ఆపించారు

"బిందె అడుగున రూపాయి బిళ్ళ పడినా కనిపిస్తుందండి, అంత తేటగా ఉన్నాయి నీళ్ళు. ఇది నీళ్ళ వల్ల వచ్చింది కాదండి."

వానలు మొదలయ్యాక వాంతులు, విరేచనాలతో పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లుల్లో చాలామంది చెప్పే మాట ఇదే. బల్ల మీద పిల్లవాడి కళ్ళు లోతుకు పోయి ఉంటాయి. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలబడుతుంది. ఆ తల్లి నిన్నటి పకోడీని, మొన్న పెళ్ళిలో తిన్న పులిహోరని, ఎదురింటావిడ దిష్టిని వరసగా అనుమానిస్తుంది. నీళ్ళ జోలికి మాత్రం పోదు. "కుళాయి నీళ్ళు బ్లీచింగు వాసన వస్తున్నాయామ్మా?" అని అడుగుతాను. ఆమె ముఖం కాస్త తేటపడుతుంది. "ఇప్పుడు రావట్లేదండి. పెద్ద వీధివాళ్ళు గొడవచేసి ఆపించేరంటండి. నీళ్ళు బావున్నాయండి."

నాకు కోపం వచ్చేది సరిగ్గా అక్కడే. ఆ అమ్మాయి మీద కాదు. ఆ వాసనను రోగంలా చూసి, అది పోయాక నీళ్ళు బాగుపడ్డాయని ఊరంతటినీ నమ్మించినవాళ్ళ మీద. జుట్టు ఊడుతోందంటారు, వేడి చేస్తోందంటారు, టీ రుచి చెడిందంటారు. కలరా రోగి విరేచనం ఒక్క మిల్లీలీటరులో కోట్ల క్రిములు ఉండొచ్చు. అది బిందెడు నీళ్ళలో కలిసినా రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. తేటదనం మన కంటికి నచ్చుతుంది, అంతే. క్రిమికి దానితో పనిలేదు.

మా డెల్టా ఊళ్ళకు నీళ్ళు గోదావరి కాలువలోంచి వస్తాయి. వేసవిలో కాలువ కట్టేసేముందు మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు. ఇసుక ఫిల్టర్లలో వడగట్టి, ట్యాంకుకు ఎక్కించి, పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట వదులుతారు. జబ్బు ఎక్కువగా ఆ రెండు గంటల్లో పుట్టదు, మిగతా ఇరవై రెండు గంటల్లో పుడుతుంది. నీళ్ళు పారుతున్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి, చిల్లు ఉంటే లోపలి నీరు బయటికి కారుతుంది. వాల్వు కట్టేశాక ఒత్తిడి పోతుంది. అప్పుడు అదే చిల్లులోంచి బయటి నీరు లోపలికి వస్తుంది. బయట ఉన్నది ఏమిటి? మా దగ్గర జానెడు తవ్వితే నీరు ఊరుతుంది. మరుగుదొడ్ల గుంటలు, పశువుల కొట్టాలు, మురుగుకాలువ, అన్నీ ఆ ఊటతో కలిసే ఉంటాయి. చాలాచోట్ల మంచినీళ్ళ పైపు మురుగుకాలువలోంచే పోతుంది. ధార సన్నగా వస్తోందని కుళాయి కింద గుంట తవ్వి, పైపు కోసి, ఆ గుంటలోనే బిందె పెడతారు. వాన పడితే గుంట నిండి పైపు మూతి మునిగిపోతుంది. డబ్బున్నవాళ్ళు ఏకంగా పైపుకే మోటారు బిగిస్తారు. ఆ మోటారు వీధిలో ఉన్న ప్రతి చిల్లులోంచీ మురుగుని లోపలికి లాగుతుంది.

ఇన్ని ప్రమాదాల మధ్య నీళ్ళ వెంట చివరిదాకా నడిచొచ్చే కాపలావాడు ఒక్కడే. నీళ్ళలో కొద్దిగా మిగిలి ఉండే క్లోరిన్. ఫిల్టరు చెరువు దగ్గరే ఆగిపోతుంది. క్లోరిన్ పైపు పొడవునా వచ్చి, దారిలో దూరిన క్రిముల్ని చంపి, బిందెలో కూడా కొంతసేపు ఉంటుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని మన తాగునీటి ప్రమాణం చెబుతుంది. ఆ మోతాదులో జుట్టు ఊడదు, కడుపులో వేడీ పుట్టదు.

పెద్ద వీధివాళ్ళు చెప్పినదంతా అబద్ధమని నేను అనను. మా ట్యాంకు దగ్గర పనిచేసే మనిషిని ఒకసారి కూర్చోబెట్టి అడిగాను. "ఏం చెయ్యమంటారండి? వేస్తే వాళ్ళు తిడతారు, వెయ్యకపోతే మీరు తిడతారు. ప్రెసిడెంటు గారింట్లో కాఫీ పాడయిందంటే నా పని ఉంటుందాండి?" అన్నాడు. ఎంత వేస్తున్నావంటే రెండు చేతులూ కలిపి చూపించాడు. దోసెడు లెక్కన వారానికో, పది రోజులకో ఒకసారి వేస్తాడట. వేసిన పూట ట్యాంకు పక్క ఇళ్ళలో ముక్కు మూసుకోవాలి, మర్నాటి నుంచి చుక్క క్లోరిన్ ఉండదు. బస్తా మూతి తీసి తడిగోడకు ఆనించి ఉంది. గాలీ తేమా తగిలితే బ్లీచింగు పొడి సత్తువ పోయి సున్నం మిగులుతుంది. అతను చెడ్డవాడేమీ కాదు. జీతం నెలల తరబడి ఆగినా వేకువనే వచ్చి వాల్వు తిప్పుతాడు. లెక్క మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. మంచి పొడి అయితే, తేట నీటికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు చాలు. అరవై వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. దాన్ని బక్కెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేటను ట్యాంకులో పొయ్యాలి. గంటసేపు ఆగి నీళ్ళు వదలాలి. ఇది రోజూ చెయ్యాలి. ఇలా వేస్తే వాసన ఉండీ లేనట్టు ఉంటుంది.

వైద్యం సంగతి రెండు మాటల్లో చెబుతాను. విరేచనాలకు ముందుగా కావలసింది ఓఆర్‌ఎస్. పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, గుక్కెడు గుక్కెడుగా తాగించాలి. పిల్లలకు జింకు పధ్నాలుగు రోజులు ఇవ్వాలి. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడి సెలైను సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు గ్లూకోజు నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపి పంచారు. ముప్పై శాతం దాకా పోయిన చావులు నాలుగు శాతం లోపుకు దిగాయి. అయినా మా దగ్గర "బాటిలు ఎక్కించండి" అని పట్టుబడతారు. బాటిలు పెట్టే ఆర్‌ఎంపీని వెతుక్కుంటూ పోయి, మధ్యలో విలువైన పూట పోగొట్టుకుంటారు. వాంతి ఆగక, మూత్రం రాక, మగతగా ఉన్న బిడ్డకు సెలైను నేనే పెడతాను. తాగగలిగిన బిడ్డకు గ్లాసు చాలు.

ఈ రోగుల్ని చూస్తూ చూస్తూ నాకు ఒక సంగతి తెలిసింది. ఏ వీధి నుంచి వచ్చారని అడిగి కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను. వాసన మీద ఫిర్యాదులన్నీ ట్యాంకు దగ్గరి వీధులవి. నా బల్ల మీదికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలువ అవతల చివరి పేటవాళ్ళు. క్లోరిన్ దారిలోనే ఖర్చయిపోయి అక్కడికి చేరదు. ఆ పేటవాళ్ళకు బ్లీచింగు వాసన ఎలా ఉంటుందో ఎప్పుడూ తెలియదు. వాసన వద్దన్నవాళ్ళు ఒకరు, దాని ఫలితం అనుభవించినవాళ్ళు ఇంకొకరు. పెద్ద వీధివాళ్ళకు ఈ మాట నేను ఎదురుగానే చెప్పాను, ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

ఆ పేట నుంచే ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. తొలిచూలు, ఎనిమిదో నెల. కళ్ళు పసుపు ముద్దలా ఉన్నాయి. అప్పటికి కామెర్లు వచ్చి వారం దాటింది. ముంజేతి మీద వాత పచ్చిగా ఉంది. రెండుసార్లు పసరు తాగించారట, పత్యం పెట్టి ఉప్పు మాన్పించారట. మాట తడబడుతోంది. మొగుడు తలదగ్గర నిలబడి, "పొద్దున కూడా నన్ను పేరుపెట్టి పిలిచిందండి" అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. అంబులెన్సులో జిల్లా పెద్దాసుపత్రికి పంపాను. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. హెపటైటిస్-ఈ నీళ్ళ ద్వారా వచ్చే కామెర్ల జబ్బు. మామూలు మనుషులకు చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పసరు వైద్యుడికి పేరు రావడానికి కారణం అదే. తగ్గేవాళ్ళు అతని ఖాతాలో పడతారు. నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే మాత్రం నలుగురైదుగురిలో ఒకరి ప్రాణం తీస్తుంది. పైగా నీళ్ళు తాగిన రెండు వారాల నుంచి పది వారాల లోపు ఎప్పుడైనా బయటపడుతుంది. అన్నాళ్ళ కిందటి బిందెను ఎవరు అనుమానిస్తారు? కడుపుతో ఉన్న మనిషి కళ్ళు పచ్చబడితే ఆ పూటే ఆసుపత్రికి తీసుకురండి. నేను చేతులు జోడించి అడిగేది ఇది.

క్లోరిన్ వేస్తే అన్నీ తీరిపోతాయని కూడా అనుకోవద్దు. 1955 చివర్లో ఢిల్లీలో యమునా నీళ్ళు తీసుకునేచోట నజఫ్‌గఢ్ మురుగు కలిసింది. అధికారులు క్లోరిన్ మోతాదు పెంచారు. టైఫాయిడ్, విరేచనాలు పెరగలేదు గాని, కొన్ని వారాల తర్వాత సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఈ అని ఎన్నో ఏళ్ళ తర్వాత, దాచిన రక్తనమూనాల వల్ల తేలింది. మురుగు ఎక్కువగా కలిసిన నీటిలో క్లోరిన్ ఆ మురుగు మీదే ఖర్చయిపోతుంది, వైరస్ మిగిలిపోతుంది. అందుకే పైపు బాగుచెయ్యకుండా బ్లీచింగు ఒక్కటే పొయ్యమని నేను చెప్పను. రెండూ కావాలి.

"మేం కుళాయి నీళ్ళు తాగమండి, డబ్బా నీళ్ళే" అనేవాళ్ళు కూడా వస్తారు. ఆర్వో ప్లాంటు నీళ్ళలో క్లోరిన్ మిగలదు. కడగని డబ్బాలో పట్టి, ఆటోలో ఎండన పడి తిరిగి, ఇంట్లో గ్లాసు ముంచి తీస్తే ఆ నీళ్ళకు కాపలా ఏముంది? ఆ ప్లాంటు నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్ష చేశారని అడిగితే జవాబు చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో డ్వాక్రా మహిళలు కొందరు క్లోరోస్కోపు పట్టుకుని కుళాయిల దగ్గరికి వెళుతున్నారు. గొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేస్తారు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, వెంటనే పక్కనున్న రంగుతో పోల్చి రాసుకుంటారు. చదువు పెద్దగా లేని ఒకావిడ ఆ పుస్తకం తెచ్చి నాకు చూపించింది. పెద్ద వీధి గడుల్లో అంకెలున్నాయి. చివరి పేట గడుల్లో సున్నాలున్నాయి. "ఇక్కడ ఎప్పుడు చూసినా తెల్లగానే ఉంటందండి, మా చుక్కలు చెడిపోయాయా?" అని అడిగింది. చుక్కలు బాగానే ఉన్నాయి. కల్వర్టు కింద పైపు పగిలి మురుగులో ఉంది.

ఆ పైపు మార్చాలని పంచాయతీకి ఆ పుస్తకం నకలు జతచేసి కాగితం ఇచ్చాం. అంచనా వేశారు, డబ్బు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆ పేటలో ఆశా కార్యకర్త ఇంటింటికీ క్లోరిన్ మాత్రలు ఇస్తోంది. పొట్లం మీద రాసిన లెక్క ప్రకారం బిందెలో వెయ్యండి, అరగంట మూతపెట్టండి, పొడుగు గరిటెతో తియ్యండి. కొంచెం వాసన వస్తుంది. పారబొయ్యకండమ్మా, తాగండి.