సెయ్యి రేటు

కార్లకు కార్బన్ ఫైబర్ హంగులు చేయించుకునే మోజు శ్రీకాకుళం దాకా వచ్చిందట, ఓసారి చూసి రాయమన్నాడు ఎడిటరు. ఆయన మనసులో ఉన్నవి పెద్ద కార్లు, కుర్రకారు, రంగుల ఫొటోలు. హైవే వారన నాకు కనిపించింది మాత్రం ఒక రేకుల షెడ్డు, అందులో ఓ పాత స్విఫ్టు, ఊడదీసిన దాని సైడు అద్దం తొడుగును ఒళ్లో పెట్టుకుని బాసింపట్టు వేసుక్కూర్చున్న ఓ నలభై ఏళ్ల మనిషి. సీటు కవర్లూ, లైట్లూ, హారన్లూ వరసగా చూపిస్తాను రమ్మన్నాడు ఓనరు. నేను ఆ తొడుగు దగ్గరే ఉండిపోయాను.

ముందు స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో దాన్ని తుడిచాడు. తర్వాత వేలి కొసతో మొత్తం తడిమాడు. కంటికి ఆనని ఇసక రేణువేదో వేలికి దొరికినట్టుంది, మళ్లీ తుడిచాడు. నల్ల ఫిల్ము ముక్కను కాగితం నుంచి ఒలిచి తొడుగు నడిమికి ఆనించి హీట్ గన్ అందుకున్నాడు. తొడుగేమో ఉబ్బెత్తు, ఫిల్మేమో బల్లపరుపు. ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. సాగదీస్తే దాని మీద అచ్చయిన గళ్లు వంకర్లు పోతాయి, నలుపు వెలిసి తెల్లబోతుంది. రెండు బొటనవేళ్లతో అంచులు లాగుతూ, గడి వాలిపోబోతున్న చోట ఆపి, ఫిల్మెత్తి, కాస్త వేడి చూపించి, మళ్లీ పరిచాడు. ఆ వేడికి ఫిల్ము ముడుచుకుని గళ్లు తిన్నగా నిలబడ్డాయి. గుడ్డ అంచున్న స్క్వీజీతో నడిమి నుంచి బయటికి గాలి తోశాడు. మిగులును బ్లేడుతో కోస్తుంటే చూశాను, ఫిల్ము తెగింది, కింద పెయింటు మీద గీత పడలేదు.

"కడాకి అంచుకి గట్టిగా వేడి సూపించాల మాస్టారూ. నేపోతే ఎండకి పాత సైజు గుర్తొచ్చి ఎనక్కి లాగేసుకుంటాది" అన్నాడు.

స్విఫ్టు ఆసామి వచ్చాడు. తొడుగును అటూ ఇటూ తిప్పి చూసి, ఆన్‌లైన్లో మీటరు ఫిల్ము ఇంతకే వస్తోందని ఫోను తీసి చూపించాడు. బేరం చాలాసేపు సాగింది. ఆయన వెళ్లాక ఇతను నాతో కాదు, స్క్వీజీతో అన్నట్టుగా అన్నాడు: "స్టిక్కరు రేటెంతని అడుగుతారు గానీ, సెయ్యి రేటెవులూ అడగరు."

ఈ చెయ్యి హైదరాబాదులో తయారైంది. వలసెళ్లి, అక్కడ కార్ల అద్దాలకు సన్ ఫిల్ము అతికించే షాపులో కుదురుకున్నాడు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు వద్దనడంతో ఆ పని పడిపోయింది. అదే చెయ్యి ఇప్పుడు అద్దం దిగి బానెట్టూ డాష్‌బోర్డూ ఎక్కింది.

అసలు కార్బన్ ఫైబరు ఒక బట్ట. పోగులోని ఒక్కో తంతువు మందం ఏడు మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. మామూలుగా వాడే పోగులో అలాంటివి మూడు వేలు. రెండు పోగుల మీదుగా, రెండింటి కిందుగా నేసి, ఎపాక్సీ రెసిన్‌లో తడిపి, వేడీ ఒత్తిడీ పెట్టి గట్టిపరుస్తారు. 1981లో జాన్ బర్నార్డ్ మెక్‌లారెన్ ఎంపీ4/1 రేసుకారు చట్రాన్ని దీంతో కట్టించాడు. మన తేజస్ యుద్ధవిమానం చట్రం బరువులో దాదాపు 45 శాతం ఇలాంటి కాంపోజిట్లే. బరువు తగ్గాలని వాడే సరుకిది. దాని బొమ్మ అతికించుకుంటే స్విఫ్టుకు కాస్తో కూస్తో బరువు పెరుగుతుంది. పైగా ఆ బొమ్మకి త్రీడీ, ఫోర్ డీ, ఫైవ్ డీ అని పేర్లు. సిక్స్ డీ కూడా ఉందిట, ఆ మిగతా డీలు ఎక్కడున్నాయో అమ్మేవాళ్లకే తెలియాలి.

మగ్గం మీద పుట్టిన గళ్లను ప్లాస్టిక్కు మీద అచ్చేసి తెచ్చి ఈ జిల్లాలోనే అమ్ముతుంటే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. గంటలోపు దూరంలో ఖద్దరుకు పేరున్న పొందూరుంది. అక్కడ ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, చేత్తో నూరో నెంబరు సన్న నూలు వడుకుతారు. మిల్లు బట్టకు పొందూరు పేరు పెట్టి అమ్మేవాళ్లతో వాళ్లు ఎంతోకాలంగా వేగుతున్నారు.

అందుకని ఈ షెడ్డునూ ఆ గాటనే కట్టేయమంటే నేను ఒప్పుకోను. ఇతను ఏనాడూ ఇది అసలు కార్బనని చెప్పలేదు. ఎవరడిగినా "బొమ్మండి, బొమ్మే" అంటాడు. రంగే మారిపోయేలా బండంతా చుట్టమంటే, ముందు ఆర్‌టీఓ ఆఫీసుకెళ్లి ఆర్‌సీలో రాయించుకు రమ్మంటాడు. మోసం జరిగేది వేరేచోట: గాజుపీచు బానెట్టును కార్బనని అంటగట్టే దగ్గర, రోలర్ల మధ్య నొక్కి తీసిన క్యాలెండర్డ్ ఫిల్మును, పల్చగా పోసి ఆరబెట్టిన క్యాస్ట్ ఫిల్మని చెప్పే దగ్గర. నొక్కి తీసింది ఎండకు ముడుచుకుపోతుంది. అంచు లేచిన రోజున ఆసామి తిట్టేది మాత్రం అతికించినవాణ్నే.

మనం పనితనమని ఒప్పుకోవాలంటే అది పాతబడి ఉండాలి కాబోలు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చేపల వలలు అల్లేవాళ్లు ఉన్నారు, ఉండాల్సిందే. గడి వాలకుండా వేడినీ వేలినీ సరిజూసుకునే ఈ మనిషి ఆ జాబితాలో లేడు. ఇక్కడ బడిలో చెప్పేవాళ్లు లేక, వచ్చిందని కాగితం ఇచ్చేవాళ్లు లేక ఈ పని షెడ్డు నుంచి షెడ్డుకు చూపుల మీదే పాకుతోంది. ఇతని దగ్గర కుదిరిన కుర్రాళ్లు కాస్త చెయ్యి తిరగ్గానే ఇతని దారినే హైదరాబాదు రైలెక్కుతున్నారు. అక్కడ కూలి ఎక్కువ మరి.

మీ బండికి ఇలాంటి పని చేయించుకునేటట్టయితే, ఫిల్ము క్యాస్టా క్యాలెండర్డా అని ముందే అడగండి. ఫిల్ము ధర ఒక వరసలో, చేతికూలి ఇంకో వరసలో బిల్లు రాయమనండి. బేరమాడాలనుంటే మొదటి వరస మీద ఆడండి.